పదిహేడో షీటు

పదిహేడో షీటు మళ్ళీ ఆగిపోయింది.

రోజారమణి మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఈ స్థితిలో ఏది నొక్కినా నష్టమే. కంప్యూటరు తెర పాలిపోయింది. ఆ తెలుపు వెనక ఎనభై అయిదుగురు పెళ్ళివాళ్ళు పట్టుచీరల్లో, గళ్ళ చొక్కాల్లో కదలకుండా నిలబడి ఆమెనే చూస్తున్నట్టున్నారు. గోడ గడియారంలో ఎనిమిదిన్నర. శుక్రవారం. సాయంత్రం ఆరింటికల్లా ఆల్బమ్ ఫైళ్ళన్నీ సీతమ్మధారలో ఉన్న ప్రింటింగ్ ల్యాబుకు చేరాలి. ఆరు దాటితే తీసుకునేది లేదని వాళ్ళు రెండుసార్లు చెప్పారు.

ఫోను మోగింది. పేరు చూడకుండానే ఎవరో తెలిసింది.

"ఏటమ్మా, పెళ్ళి బొమ్మలు ఎంతవరకొచ్చినాయి?" సూర్యకాంతమ్మ గొంతు వెనక సముద్రం హోరు, ఎవరో సుత్తితో పడవ చెక్క కొడుతున్న చప్పుడు.

"అయిపోవచ్చాయమ్మా. ఒక్కటే మిగిలింది."

"ఆ ఒక్కటీ ఏటి?"

"అందరూ కలిసి ఉన్నది."

"అసల్దే ఒగ్గేసినావేటి మరి!" అంది ముసలమ్మ. "ఆదోరం అర్ధరాత్రికి వేట తెరుస్తారు. నా మనుషులు ఏడు బోట్లెక్కి ఏడు దిక్కులెలిపోతారు. ఆళ్ళందర్నీ ఒక్కకాడ సూసుకుని పంపాల నాను. గవర్రాజు గుంటడొక్కడే రానేదు, అండమాను ఎలిపోనాడు. మిగతా తొంభై ముగ్గురూ ఉండాల. ఒక్కలు తగ్గినా ఊరుకోను, సెప్తన్నాను."

"ఎవరూ తగ్గరమ్మా," అంది రోజారమణి.

ఫోను పెట్టేశాక ఆ మాట ఎందుకన్నానా అనుకుంది.

బీఎస్సీ చదివి, పెళ్ళయ్యాక మల్కాపురం వచ్చి, పదేళ్ళు వంటింట్లోనే గడిపిన మనిషి ఆమె. ఎనిమిదేళ్ళ క్రితం ఆల్బమ్ డిజైను నేర్చుకుంది. ఇప్పటిదాకా ఒక స్టూడియో కోసం పేరు లేకుండా షీట్లు చేసిచ్చింది. తనకై తాను ఒప్పుకున్న మొదటి పెళ్ళి ఇదే. జాలరిపేటలో సూర్యకాంతమ్మ మనవడు చంటి పెళ్ళి. వేట నిషేధం ఉన్న రెండు నెలల్లోనే ఆ పేటలో పెళ్ళిళ్ళు ఎక్కువ. మగవాళ్ళంతా ఒడ్డున ఉండేది అప్పుడే. అయినా ఆ తొంభై ముగ్గురూ పెళ్ళిలో ఒక్కసారి కూడా కలిసి నిలబడలేదు. వలలు బాగుచేసుకునేవాళ్ళు కొందరు, వడ్డనలో కొందరు, బంతి మీంచి లేవనివాళ్ళు కొందరు. ఫొటోగ్రాఫరు పదకొండు ముక్కలుగా తీశాడు. ఒక్కొక్కరినీ జుట్టు పాయలు కూడా చెడకుండా కత్తిరించి, ఇసక మీద వరసలు కట్టి నిలబెట్టడం రోజారమణి పని. ఒక్కో మనిషి ఒక్కో పొర. అందుకే ఆ ఫైలుకి అంత బరువు.

ఎంత బరువో ఆమె ఊహతో సరిపెట్టుకోలేదు, రెండు రోజులు గమనించి పాత క్యాలెండరు కాగితం వెనక రాసుకుంది. అరవై మంది వరకు బాగానే ఉంది. డెబ్బై దాటాక ఒక్కో నొక్కుకీ నిమిషం. ఎనభై ఆరో మనిషి దగ్గర కంప్యూటరులోని ఎనిమిది జీబీల మెమరీ నిండిపోయి అంతా బిగుసుకుపోతోంది. సగం మందిని ఒకే పొరగా అతికేద్దామంటే ఆ అతికించడానికీ మెమరీ చాలక ఆగిపోయింది. ఇక ఎనిమిది మందిని తీసెయ్యడం ఒకటే మిగిలింది. నిన్న రాత్రి ఆమె ఆ పని మనసులో చేసి చూసింది కూడా. వెనక వరసలో మొహం సగమే కనిపించే ఆడపిల్ల, పెళ్ళికొడుకు పినతండ్రి పక్కన తల వంచుకున్న ఆయన... నాలుగో మనిషి దగ్గర సిగ్గేసి ఆపేసింది.

మెమరీ కొనాల్సిందే. అదీ ఈ రోజే.

భర్త దేవీప్రసాద్ పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దున్న ఆరు గంటల షిఫ్టుకు వెళ్ళాడు. రెండింటికి గాని దిగడు. ప్లగ్గు పీకేసి, సీపీయూ డబ్బాను పాత పేపరు మీద పడుకోబెట్టి, పక్క రేకు తనే విప్పింది. లోపల ఫ్యాను మీద, ఇనుప పట్టీల మీద ఎర్రగా ఎండిపోయిన కుంకుమ బొట్లు కనిపించాయి. దసరాకు దేవీప్రసాద్ పెట్టినవి. డబ్బా పైన పెడితే చాలదా అని ఆమె అంటే, "మా వర్క్‌షాపులో మూతకెవడైనా బొట్టెడతాడా? మెషీనుకెడతారు గాని," అని రేకు విప్పి మరీ పెట్టాడు. అక్షింతలూ చల్లాడు.

మదర్‌బోర్డు పేరు రాసుకుంది. మెమరీకి రెండు స్లాట్లు. ఒకదాన్లో వేలెడు పొడుగు మెమరీ కార్డు ఉంది, రెండోది ఖాళీ. ఆ కార్డు మీది అంకెలు రాసుకుంది. రాసుకున్నా నమ్మకం కుదరక అసలు కార్డునే ఊడదీసింది. గీతలు పడకూడదని బీరువాలోంచి మెత్తటి పట్టు జాకెట్టు ముక్క తీసి దాన్లో చుట్టి, చిన్న టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బస్సెక్కింది.

బస్సు మెల్లగా నడిచింది. దారిలో గూడ్సు బండి అడ్డొచ్చింది. ఒక్కో పెట్టె దాటుతుంటే ఆమె గంటలు లెక్కవేసుకుంది. పదకొండుకి అక్కడ. ఒంటిగంటకి ఇంట్లో. మిగిలినవాళ్ళను నిలబెట్టడానికి రెండు గంటలు. పంపడానికి అరగంట. ఎక్కడైనా ఒక్క తప్పు జరిగితే సర్దుకోవచ్చు, రెండోదానికి ఆ లెక్కలో చోటు లేదు.

డాబాగార్డెన్స్‌లో మేడ మీది కంప్యూటరు సామాన్ల దుకాణం సాయిశంకర్‌ది. నుదుటి మీదికి తోసిన కళ్ళజోడుతో ఏదో లాప్‌టాప్ విప్పుకుని కూర్చున్నాడు. ఆమె డబ్బా తెరిచి మూట విప్పగానే అతని చెయ్యి గాలిలో ఆగింది.

"ఇదేటి మేడమ్, పట్టుగుడ్డా?"

"మెత్తగా ఉంటుందని..."

"మెత్తదనం గొడవ కాదు మేడమ్. పట్టుగుడ్డ రాసుకుంటే కరెంటు పుడతాది. మనకి తెలీదు, దీనికి తెలస్తాది. పేరంటానికి తెచ్చినట్టు తెచ్చినారు గదా!"

"పోయిందా?"

"ఉండండి, బతికుందో నేదో సూద్దాం."

అతను దాన్ని ఒక బల్ల మీది బోర్డులో గుచ్చాడు. తెర వెలిగేదాకా ఆమె గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది. వెలిగింది.

"బతికే ఉంది," అన్నాడు సాయిశంకర్. "ఇప్పటికి."

ఆ చివరి మాట ఆమె మెదడులో గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది.

అతను బల్ల మీద మూడు పెట్టాడు. ఒకటి రంగు రంగుల దీపాలు వెలిగేది. "గేములాడే పిల్లలకిది," అని తనే పక్కకు జరిపాడు. ఇంకొకటి అన్నిటికన్నా కొత్త రకం. ఆమె తన పాత కార్డును దాని పక్కన ఆనించి చూసింది. అడుగున ఉండే గాడి ఒకచోట కాకుండా ఇంకొకచోట ఉంది.

"ఇది నా బోర్డుకి ఎక్కదు కదండీ?"

"ఎక్కదు. ఎంతమంది ఇలగ ఆనించి సూస్తారు మేడమ్! కొనేసి, ఇంటికెల్లి సుత్తెట్టి కొట్టినోళ్ళున్నారు."

మూడోది సరైన రకమే. ఎనిమిది జీబీలు. కానీ పాతదాని వేగం ఇరవై నాలుగు వందలని రాసి ఉంటే, దీని మీద ముప్పై రెండు వందలని ఉంది.

"రెండూ పక్కపక్కన పనిచేస్తాయా?"

"పొడుగోడు పొట్టోడి పక్కన నడిచినట్టే. పొడుగోడే అడుగు తగ్గించుకుంటాడు. ఇబ్బందేటీ నేదు."

"వోల్టేజీ?"

"రెండూ ఒకటే. మీరేటి మేడమ్, పరీక్షెడతన్నారు!"

రేటు విని ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. దసరాలప్పుడు తను కనుక్కున్న రేటుకు దాదాపు మూడింతలు.

"నన్ను తిట్టకండి. అన్నిచోట్లా ఇలగే ఉంది. ఈ రేటు కూడా సాయంత్రం దాకానే," అని, కాస్త తగ్గు గొంతుతో సొరుగులోంచి ఇంకొకటి తీశాడు. "ఇది వాడింది. గాని పదహారు జీబీలు. అదే రేటుకిచ్చెత్తాను."

పదహారు. ఉన్నదానితో కలిపితే ఇరవై నాలుగు. ఆమెకు ఆశ పుట్టింది. వెంటనే భయమూ పుట్టింది. చేప మొప్ప ఎత్తి చూసినట్టు దాన్ని వెలుగులోకి ఎత్తి, అడుగున వరసగా ఉన్న బంగారు రంగు పళ్ళను చూసింది.

"ఈ చివర నల్లగా ఉందేంటండి?"

"ఉప్పుగాలి మేడమ్. మన ఊళ్ళో ఏది నల్లబడదు? తుడిస్తే పోతాది."

"మరి మీరెందుకు తుడవలేదు?"

సాయిశంకర్ పకపకా నవ్వి దాన్ని సొరుగులో వేసేశాడు. "కొత్తదే తీసుకోండి. గాని ఒక మాట. సీలు సింపినాక ఎనక్కి తీసుకోను. పాడుదని తేలితే కంపెనీకి పంపుతాను, ఇరవై రోజులు పడతాది."

ఇరవై రోజులకి బోట్లు ఎక్కడుంటాయో. ఆమె క్యాలెండరు కాగితం తీసి ఇంకోసారి అంకెలు సరిచూసుకుంది. తొంభై ముగ్గురికి పదకొండు జీబీల దాకా పడుతుందని లెక్క. ఎనిమిదీ ఎనిమిదీ పదహారు. చాలు. డబ్బులిచ్చింది. ఈసారి రెంటినీ అతనే వెండి రంగు సంచుల్లో వేసిచ్చాడు. "పట్టుజాకెట్టు కుట్టించుకోండి మేడమ్, బాగుంది," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంటన్నర.

చేతులు కడిగి, ఆరబెట్టుకుని, ఒంట్లో కరెంటేదైనా ఉంటే పోవాలని ఇనుప రేకును ఒకసారి ముట్టుకుని, రెండు కార్డులూ రెండు స్లాట్లలో నొక్కింది. కొత్తది ఒక పక్క కాస్త గట్టిగా అనిపించింది. కొత్తది కదా అనుకుంది. ప్లగ్గు పెట్టి మీట వేసింది.

ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. లోపల్నుంచి బీప్, బీప్, బీప్ మని మూడు అరుపులు. కాసేపాగి మళ్ళీ మూడు.

ఆపేసింది. మళ్ళీ ఊడదీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ మూడు అరుపులు. 'ఇప్పటికి' అన్న మాట గుర్తొచ్చింది. పట్టుగుడ్డ. తనే చంపేసింది. లేకపోతే ఆ ముప్పై రెండు వందల వేగం పడలేదేమో. లేకపోతే ఆ నల్లబడిన పదహారే మంచిదేమో.

మొహం మీద నీళ్ళు చల్లుకుని వచ్చి, కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఒక్కొక్కటిగా చూద్దాం. పాతది ఒక్కటే మొదటి స్లాట్లో పెట్టింది. కంప్యూటరు లేచింది. పాతది బతికే ఉంది. అది తీసి కొత్తది ఒక్కటే అదే స్లాట్లో పెట్టింది. లేచింది. కొత్తదీ బాగానే ఉంది. రెండూ మంచివే. రెండో స్లాట్లో మాత్రం ఏది పెట్టినా అరుస్తోంది.

సాయిశంకర్‌కి ఫోను చేసింది.

"రెండో స్లాటు పోయుంటాది మేడమ్. బోర్డు మార్చాల."

"ఇవాళ మార్చగలరా?"

"ఇవాళేటి మేడమ్! ఆ పాత బోర్డు దొరకాలంటే పది రోజులు."

రెండున్నరకు దేవీప్రసాద్ వచ్చేసరికి ఆమె నేల మీద కూర్చుని, ఫోను దీపం వేసి స్లాటులోకి చూస్తోంది. అతను చెప్పులు విప్పకుండానే గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏటయింది రోజా?"

"ఇటు రండి. ఈ గాడిలో చివర చూడండి. పచ్చగా ఏముంది?"

అతను వంగాడు. చాలాసేపు చూశాడు. మెడ వెనక రుద్దుకున్నాడు.

"అక్షింత గింజ," అన్నాడు చివరికి. "సగం నూక."

"ఎవరు వేశారు?"

"దసరాకి... దేవుడికి..."

"దేవుడికి కాదు, మెమరీ స్లాటుకి వేశారు. మూతకెవడైనా బొట్టెడతాడా అన్నారు కదా? ఇదిగో, మెషీను లోపలికే వెళ్ళింది మీ దీవెన. ఆరింటికి ఫైలు వెళ్ళకపోతే సూర్యకాంతమ్మగారికి మీరే చెప్పుకోండి."

"ఆ ముసలమ్మకా!" దేవీప్రసాద్ మొహంలో నిజంగానే భయం కనిపించింది. "ఊదితే పోతాదేమో..." అంటున్నాడో లేదో ఆమె ముందుకు వంగింది. అతనే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఊదకు, ఊదకు! నోటి తడి లోపలికెలతాది. పని నాదేగా, నన్ను సెయ్యనీ."

ప్లగ్గు పీకి ఉందో లేదో రెండుసార్లు చూశాడు. తన పనిసంచిలోంచి సన్నటి పట్కారు తీశాడు. ఆమె అగరుబత్తి పుల్ల ఒకటి చెక్కి ఇచ్చింది. నూక గింజ గాడిలో అడ్డంగా ఇరుక్కుని, పసుపుతో అంటుకుని ఉంది. లాగితే రాలేదు. బలంగా లాగితే గాడిలోని సన్నటి తీగలు వంగిపోతాయి. గోడ గడియారం చప్పుడు ఆమెకు ఇంతకు ముందెన్నడూ అంత గట్టిగా వినపడలేదు. మూడు. మూడుంబావు. దెబ్బలకు వాడే స్పిరిట్ సీసా తెచ్చి, తన పాత రంగుల కుంచెతో ఒక్క చుక్క తడిపింది. ఎనిమిది నెలల పసుపు మెత్తబడింది. పుల్లతో మెల్లగా ఒకవైపు ఎత్తితే గింజ పైకి లేచింది. అతను పట్కారుతో పట్టి తీసి అరచేతిలో వేసుకున్నాడు. చీమ తలంత ఉంది.

"తుడవడానికి గుడ్డ తే. పట్టుగుడ్డ కాదు," అన్నాడు నెమ్మదిగా. డాబాగార్డెన్స్ సంగతి మధ్యలో ఎప్పుడో ఆమే చెప్పింది.

"మీకా మాట అనే హక్కు ఈ సంవత్సరానికి లేదు," అంది.

స్పిరిట్ ఆరేదాకా ఇరవై నిమిషాలు ఆగాలని అతను పట్టుబట్టాడు. ఆ ఇరవై నిమిషాలూ ఆమె నిలబడే ఉంది. నాలుగింటికి రెండు కార్డులూ నొక్కింది. ఈసారి రెండో పక్క కూడా టక్కున కూర్చుంది. మీట వేసింది.

ఒకటే బీప్. తెర వెలిగింది. మెమరీ దగ్గర పదహారు అని ఉంది.

పదహారు కనిపించినా ఆమెకు ధైర్యం రాలేదు. షీటు తెరిచింది. ఎనభై. ఎనభై అయిదు. ఎనభై ఆరో మనిషి, చేతిలో పళ్ళెంతో, ఇసక మీదికి వచ్చి నిలబడ్డాడు. ఎనభై ఏడు. దేవీప్రసాద్ వెనకాల నిలబడి వేళ్ళు మడుస్తున్నాడు. తొంభై మూడు.

అప్పుడే ఫోను మోగింది. అయిదు కావడానికి పది నిమిషాలు.

"అమ్మా, ఒక్క మాట," అంది సూర్యకాంతమ్మ. గొంతు పొద్దుటిలా లేదు. "గవర్రాజు అండమాన్నుంచి ఇప్పుడే పోను సేసినాడు. ఆడి పొటో ఒకటి పంపినాడు. నువ్వు తొంభై ముగ్గుర్నీ ఒకలి పక్కనొకల్ని తెచ్చి నిలబెట్టినావంట గదా, చంటి సెప్పినాడు. మరి పెళ్ళికి రానోడు కూడా... ఒస్తాడా?"

దేవీప్రసాద్ చెయ్యి అడ్డంగా ఊపాడు. వద్దు, టైము లేదు. రోజారమణి గడియారం చూసింది. మెమరీ అంకె చూసింది. ఇంకా చోటుంది.

"పంపండమ్మా," అంది.

ఫొటో మసగ్గా ఉంది. లంగరు వేసిన పడవ ముందు ఒక కుర్రాడు, ఎండకు కళ్ళు చిట్లించి నవ్వుతున్నాడు. చెవుల చుట్టూ, జుట్టు చుట్టూ కత్తిరించి, రంగు మిగతావాళ్ళకు సరితూగేలా మార్చి, రెండో వరస చివర, సూర్యకాంతమ్మ ఫోనులో చెప్పిన గుర్తుతో పోల్చుకుని వాళ్ళమ్మ వెనక నిలబెట్టింది. అయిదూ ఇరవై. వదిలేయొచ్చు. కానీ అందరి నీడలూ ఇసక మీద ఎడమకు పడుతుంటే అతనికి నీడే లేదు. దేవీప్రసాద్ నిట్టూరుస్తున్నా వినిపించుకోకుండా కూర్చుని నీడ గీసింది. అయిదూ ముప్పై ఎనిమిదికి ఫైళ్ళు పంపడం మొదలుపెట్టింది. నీలం గీత పాకుతూ పాకుతూ అయిదూ యాభై ఆరుకి చివర తాకింది. ల్యాబు నుంచి 'అందింది' అని ఒక్క మాట వచ్చింది. అప్పుడు గాని ఆమెకు పొద్దుట్నుంచి ఏమీ తినలేదని తెలియలేదు.

ఆదివారం సాయంత్రం భార్యాభర్తలిద్దరూ ఆల్బమ్ పట్టుకుని జాలరిపేట వెళ్ళారు. ఒడ్డున బోట్లకు పూజలు జరుగుతున్నాయి. ఐసు దిమ్మలు, నీళ్ళ డ్రమ్ములు, కొత్త వలలు ఎక్కిస్తున్నారు. ఒక బోటు ముక్కుకు పసుపు రాస్తున్న సూర్యకాంతమ్మ వీళ్ళను చూసి, అదే చేత్తో ఆల్బమ్ అందుకుని, తిరగేసిన వల గుట్ట మీద కూర్చుంది. మిగతా షీట్లేవీ చూడలేదు. "ఏదది?" అంటూ తిప్పి పదిహేడో షీటు దగ్గర ఆగింది.

పసుపు చెయ్యి కాగితం మీదికి వస్తుంటే 'చెయ్యి తుడుచుకోండమ్మా' అన్న మాట రోజారమణి నాలుక చివరికొచ్చింది. పక్కనుంచి దేవీప్రసాద్ ఓరగా తన వైపే చూస్తున్నాడని తెలుసు. ఊరుకుంది.

ముసలమ్మ వేలు మొదటి వరస మీద నడిచింది. పెదవులు కదులుతున్నాయి. అంకెలు కావు, పేర్లు. ఎక్కడా ఆగలేదు, ఎవరి కోసమూ వెతుక్కోలేదు. రోజారమణి కళ్ళు ఆ వేలితోపాటే నడిచాయి. రెండో వరస చివర వేలు నిలిచింది. అక్కడ చిన్న పచ్చటి మరక పడింది.

"ఒచ్చినాడు," అంది సూర్యకాంతమ్మ. "సూడే, ఆళ్ళమ్మ ఎనకాలే నిలబడ్డాడు."

బోట్ల మీంచి మగవాళ్ళు ఒక్కొక్కరే దిగి వచ్చి వల గుట్ట చుట్టూ మూగారు. "నాను ఏడి?", "ఒరే, నీ పొట్ట సూడు," అంటూ ఒకరి మీద ఒకరు పడుతున్నారు. రోజారమణి ఆ భుజాల సందులోంచి ఇంకోసారి తొంగి చూసింది. మసక వెలుతురులో కూడా గవర్రాజు నీడ అందరి నీడల వైపే పడుతోంది.